పాత పెట్టెలో ఒక పేరు

ఆ పెట్టె పేరు నాకిప్పటికీ తెలీదు. రాజమండ్రిలో రైలెక్కితే ఎదురు సీటు కుర్రాయన ఒళ్ళో కంప్యూటరు, దానికి వైరుతో చిన్న ఇనప పెట్టె.

"ఏంటి బాబూ అది?"

"గొంతుని కంప్యూటర్లోకి ఎక్కించేదండి. ఇంట్లో పాటలు రికార్డు చేసుకోడానికి పాతది కొన్నాను. గరగరమంటే తిరిగిచ్చేసి కొత్తది కొనుక్కోవాలి."

"పాతదంటే ముందువాళ్ళ గొంతు అందులో ఉండిపోదూ?"

నవ్వాడు. "ఇది గుమ్మం లాంటిదండి. దాటినవాళ్ళని దాచుకోదు. ఓ మాటనండి, చూద్దాం."

"చేపలమ్ముతూ అరిచి, మా ఆయన పోయాక ఏడ్చి, నా గొంతే గరగర. నేరం పెట్టె మీద పడుద్ది."

అయినా మైకు చేతికిచ్చి, నా చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టాడు. రైలు వంతెనెక్కింది. కింద గోదారి మంచులో ఒడ్డు లేనట్టుంది. ఏమనాలో తోచక మా ఆయన పేరు అనేశాను. ఆయనున్నన్నాళ్ళూ పలక్కూడదని పలకని పేరు. ఒడ్డునుంచి పడవని పిలిచినట్టు వినపడింది. హెడ్‌ఫోన్లు తీసుకుని తనూ ఓసారి విన్నాడు.

"గరగరంతా మీదేనండి. పెట్టె మంచిదే, ఉంచేసుకుంటాను. ఇప్పుడన్నది కంప్యూటర్లో ఉంది, తుడిచెయ్యనా?"

కొవ్వూరొచ్చింది. గంపెత్తుకున్నాను.

"ఉండనీ బాబూ."

ఆ పేరు మళ్ళీ ఎక్కడా అన్లేదు.