వజీహా మిద్దె మీద తీగ

బస్రాలో ఆ వీధికంతా వజీహా నోరంటే హడల్. ఇంటి ముందు మట్టిపొయ్యిలో రొట్టెలు కాల్చి అమ్మేది. రొట్టె మాడిందని ఎవరైనా అంటే, "నీ మొగుడి మొహంకన్నా నయమేలే, తిను" అనేది. ఆ నోటితో ముహైసిన్ ముప్పయ్యేళ్లు కాపురం చేశాడు. ఆయన సర్కారు కరెంటు లైన్‌మన్. ఊరందరికీ తీగలు బిగించాడు గానీ, అందరిలా దొంగకొక్కెం తగిలించి ఇంట్లో ఒక్క బల్బు వెలిగించుకోలేదు. చేతగాని మొగుడని వజీహాయే తిట్టేది.

సర్కారు కరెంటు రెండు గంటలుంటే నాలుగు గంటలు పోయేది. ఆ నాలుగు గంటలూ వీధి మొత్తం, వజీహా ఇంటి ఎదురుగా కొట్టు పెట్టి కరెంటమ్మే షనావా జనరేటరు మీద బతికేది. దాని పొగ తిన్నగా ముహైసిన్ కిటికీలోకి కొట్టేది. ఆయనకు అసలే ఆయాసం. పొగగొట్టం ఎత్తు పెంచమని మూడుసార్లు అడిగి, నాలుగోసారి కాగితం రాసి సర్కారు ఆఫీసులో ఇచ్చాడు. ఆఫీసువాళ్లు దాన్ని తెచ్చి షనావా చేతిలోనే పెట్టారు. ఆ సాయంత్రమే షనావా ముహైసిన్ ఇంటికొచ్చే జనరేటరు తీగ కోసేశాడు. జూలై నెల, యాభై డిగ్రీల ఎండ. తడిగుడ్డలు వేసి వేసి వజీహా ఇరవై రోజులు మొగుణ్ణి కాపాడుకుంది. ఇరవై ఒకటో రోజు మధ్యాహ్నం ఆయన పోయాడు.

చావింటికి మూడు రోజులు జనరేటరువాడు ఊరికే కరెంటివ్వాలని ఆ వీధిలో ఆనవాయితీ. శవాన్ని పూడ్చడానికి నజఫ్ శ్మశానానికి పంపించి వజీహా లోపలికి తిరిగేసరికి, షనావా మనుషులు మిద్దె మీదుగా తీగ లాగి ఫ్యాన్లు పెట్టేశారు. ముప్పయిమంది ఆడవాళ్లు నల్లబట్టల్లో కూర్చున్నారు. షనావా పెళ్లాం బద్రియా సరిగ్గా ఫ్యాను ముందే.

"ఎవరి గాలి ఇది?" అంది వజీహా.

"ఎవరిదైతే ఏంటి వదినా," అంది ఆడపడుచు హసీబా. "ఈ మూడు రోజులూ పోనీ. తర్వాత నీ ఇష్టమొచ్చినట్టు తిట్టుకో."

"మీ అన్న గాలాడక చచ్చాడే. ఆయన పేరు చెప్పుకుని వీళ్లు చల్లగా కూచుంటారా?"

శోకాలు పాడడానికి పిలిపించిన సబ్రియా మైకు సర్దుకుంటూ, "కరెంటు లేకపోతే నా మైకు పలకదమ్మా. మైకు లేకుండా నేను పాడను. ముందే చెప్తున్నా," అంది.

వజీహా మొగుడి పనిసంచి తీసుకుని మిద్దె ఎక్కింది. ఆయన రబ్బరు తొడుగులు వేసుకుంటే వేళ్ల చివర్లు వేలాడాయి. వీధిలోంచి షనావా తలెత్తి చూశాడు.

"ఆగు వదినా. పుణ్యానికి ఇచ్చాను."

"ఇరవై రోజులు ఏ గంగలో కలిసిందిరా నీ పుణ్యం?"

"ఆడవాళ్లు ఎండకి పడిపోతారు."

"పడితే నీ పెళ్లామే ముందు. మెత్తగా పడుతుందిలే."

రెండు తీగలూ ఒక్కసారి కొయ్యొద్దు, విడివిడిగా కొయ్యాలి అని ముహైసిన్ అన్నం దగ్గర వందసార్లు చెప్పుంటాడు. 'నాకెందుకయ్యా ఈ చదువు' అని విసుక్కునేది. ఇప్పుడు ఒకటి కోసింది. తర్వాత రెండోది.

కిందికొచ్చేసరికి సబ్రియా మైకు మూట కట్టేసింది. సగంమంది లేచారు. అందరికన్నా ముందు బద్రియా. వజీహా గుమ్మానికి అడ్డం నిలబడింది.

"కూచోవే. ఇంకా మొదలెట్టలేదు."

తనే మొదలెట్టింది. మైకు లేదు, రాగం లేదు. రొట్టెలమ్మే గొంతు. ముహైసిన్ ఏ ఏ స్తంభం ఎక్కాడో, ఎవరింటికి వెలుగిచ్చాడో, చివరి ఇరవై రోజులూ ఎలా ఎగబీల్చాడో, ఒక్కో రోజూ లెక్కపెట్టి చెప్పి ఏడ్చింది. జనరేటరు మోతను దాటి వీధి చివరిదాకా వినబడింది. బద్రియా చెమటలు కారుతూ అంతా విని వెళ్లిపోయింది. మూడో రోజుకి మిగిలింది నలుగురే.

వారం పోయాక షనావా మనిషిని పంపాడు. మిద్దె మీద మిగిలిన తీగముక్క ఇచ్చేయమని, రాగి ఖరీదని.

"వాణ్ణే వచ్చి విప్పుకోమను," అంది వజీహా.

షనావా రాలేదు. ఆ తీగ మీద ముహైసిన్ చొక్కాలు ఆరుతుంటాయి. తొడిగేవాడు లేకపోయినా వారం వారం ఉతికి, షనావా కొట్టుకి ఎదురుగా ఆరేస్తుంది.