పెట్టె మాస్టారు దించిన శ్రుతి

టైర్ల కొట్టు పక్కనున్న ఇరుకు మెట్లెక్కితే పైన ఒక హాలుంటుంది. పగలు చూస్తే గోదాములా ఉంటుంది. కుర్చీలు బల్లల మీద బోర్లా పడుంటాయి, ఎర్ర పరదాలు దుమ్ము కొట్టుకుని వేలాడుతుంటాయి. సాయంత్రం దీపాలు వెలిగాక ఆ పరదాలే పట్టులా మెరుస్తాయి. ఆ వీధిలో అలాంటి హాళ్లు ఇంకా ఉన్నాయి. ఒకదాంట్లో కుర్రాళ్లు చెవులు చిల్లులు పడేలా గిటార్లు మోగిస్తారు. ఇంకోదాంట్లో ఒకాయన ఒక్కడే స్టూలు మీద కూర్చుని కళ్లు మూసుకుని సాక్సాఫోను ఊదుకుంటాడు. చీకటి పడే వేళ ఆ వీధిలో నడుస్తుంటే ఒక్కో గుమ్మంలోంచి ఒక్కో తాళం వచ్చి కాలికి అడ్డం పడుతుంది.

టైర్ల కొట్టు మీది హాల్లో మాత్రం నెమ్మదైన పాత పాటలు. అక్కడ కీబోర్డు వాయించే మనిషిని వీధంతా పెట్టె మాస్టారనే పిలుస్తుంది. మాస్టారని పేరేగానీ ఆయన ఎవరికీ పాఠం చెప్పింది లేదు, ఎవరి దగ్గరా నేర్చుకున్నదీ లేదు. కుర్రతనంలో రేడియోలు బాగుచేసే కొట్లో పనిచేసేవాడు. బాగైన రేడియోలో ఏ పాటొస్తే ఆ పాటను మూలనున్న పాత హార్మోనియం మీద తడుముకుంటూ పట్టుకున్నాడు. ఇప్పుడు కీబోర్డును పొడుగాటి నల్ల సంచిలో పెట్టి భుజానికి తగిలించుకుని వస్తుంటే, తెలియనివాళ్లు ఇస్త్రీ బల్ల అమ్ముకునేవాడనుకుంటారు. ఒకావిడైతే బేరం కూడా ఆడింది.

ఆ హాల్లో పాడేది ఆయన భార్యే. పెళ్లికి ముందు ఆవిడ టైపు నేర్పే చోట పనిచేసేది. ఒకరోజు రేడియో బాగుచేయించుకోవడానికి కొట్టుకొచ్చింది. మాస్టారు దాన్ని సరిచేసి, సరిగ్గా వస్తోందో లేదో వినమన్నాడు. ఆవిడ వింటూ వింటూ దాంతో కలిసి పాడేసింది. “రేడియో బాగైంది, బావ చెడిపోయాడు” అని ఆవిడ తమ్ముడు ఇప్పటికీ అంటుంటాడు. చిన్నప్పుడు వంటింట్లో గిన్నెలన్నీ సొట్టలు పెట్టిన ఆ తమ్ముడే జట్టుకు డ్రమ్స్ వాయిస్తాడు. అందరూ అతన్ని దరువు అంటారు. జట్టంతా ముగ్గురే. ఆవిడ ముందు నిలబడి పాడుతుంది, ఆవిడ వెనక చెరో పక్కన మొగుడూ తమ్ముడూ.

మాస్టారి గుట్టు ఒకటి ఈ ముగ్గురిలో ఇద్దరికే తెలుసు.

కొన్నేళ్ల కిందట ఆవిడకు జలుబు చేసింది. పాడనంటే వినే మనిషి కాదు. గొంతుకు భారం కాకూడదని మాస్టారు ఆ ఒక్క సాయంత్రానికీ కీబోర్డు మీద ఒక బటన్ నొక్కాడు. అది నొక్కితే వేళ్లు ఎప్పుడూ ఆడే తెల్ల మెట్ల మీదే ఆడతాయి, శ్రుతి మాత్రం ఒక అడుగు కిందికి దిగుతుంది. వేళ్లతోనే దించొచ్చు కదా అంటే, దానికి నల్ల మెట్ల మీద నడవాలి. సొంతంగా నేర్చుకున్న మాస్టారికి తెల్ల మెట్లు సొంత ఇల్లు, నల్ల మెట్లు అత్తగారిల్లు. ఎక్కడ అడుగేస్తే ఎవరేమంటారో తెలియదు.

ఆ రాత్రి ఆవిడ మొహం వెలిగిపోతూ కిందికి దిగింది. “జలుబులోనూ ఎంత హాయిగా పలికిందో చూశారా!” అంది. మరునాడు ఆ బటన్ నొక్కకుండా మొదలెట్టడానికి మాస్టారికి మనసు రాలేదు. అలా మొదలైంది. తర్వాత ఎప్పుడైనా ఆవిడ మెడ నరాలు ఉబ్బడం చూస్తే ఇంకో అడుగు దించేవాడు. చివరికి నాలుగు అడుగులు దిగింది శ్రుతి. ఆవిడ మాత్రం తాను పెళ్లినాటి శ్రుతిలోనే పాడుతున్నాననుకుంటోంది.

అనుకుని ఊరుకుంటే బాగుండేది. వీధి మలుపులో టీ బండి ఉంది. పాటగాళ్లందరూ పని మొదలెట్టే ముందు అక్కడే చేరతారు. ఎదుటి హాల్లో పాడేది ఈవిడ ఈడు మనిషే, ఇద్దరూ వదినా అంటే వదినా అనుకుంటారు. ఆ ఎదుటి హాలు వదిన దాపరికం లేని మనిషి.

“నాకు పైన అందట్లేదు వదినా. మా గిటారు వాడితో దించెయ్యరా నాయనా అని చెప్పేశా” అంది ఒకరోజు.

“నాకింకా ఆ అవసరం రాలేదులే వదినా. ఏ శ్రుతిలో మొదలెట్టానో ఆ శ్రుతిలోనే ఉన్నా” అంది మాస్టారి భార్య.

ఎదుటి హాలు వదిన మొహం చిన్నబోయింది. పక్కనే ఉన్న దరువుకి టీ పొలమారింది. మాస్టారు గ్లాసులోకి చూస్తూ టీ తాగాడు.

గుట్టు బయటపడటానికి కారణం మళ్లీ మాస్టారే, కాస్త కరెంటు కూడా. ఆ సాయంత్రం హాలు నిండుగా ఉంది. డ్యూటీ దిగొచ్చిన నర్సులు ఒక బల్ల చుట్టూ కూర్చున్నారు. పాట మధ్యలో దీపాలు పోయాయి, మైకు పోయింది, కీబోర్డు మూగబోయింది. దరువు మాత్రం ఆగలేదు. చీకట్లో ఒక్కడే వాయించేస్తుంటే జనం చప్పట్లతో తాళం కలిపారు. జనరేటరు అందుకుని దీపాలు వచ్చేసరికి హాలంతా ఊగిపోతోంది. “కిటికీ! కిటికీ!” అని నర్సులు కేకలేశారు.

కిటికీ పాట మాస్టారు కట్టిందే. కొత్త కాపురంలో అద్దెకున్న గదికి కిటికీ లేదు. ఆ గదిలో కూర్చుని భార్య కోసం కిటికీ మీద పాట కట్టాడు. చరణం చివర ఒక పై స్వరం ఉంది. ఆవిడ దాన్ని అందుకుని నిలబెడితే నిజంగానే ఎవరో తలుపులు తెరిచినంత గాలి వస్తుందంటారు.

ఆ ఊపులో మాస్టారు వెంటనే అందుకున్నాడు. కరెంటు పోయొస్తే కీబోర్డు అన్నీ మరిచిపోతుందన్న సంగతి ఆయనే మరిచిపోయాడు. శ్రుతి ఎక్కడి నుంచి దిగిందో అక్కడికే ఎక్కి కూర్చుంది. ఆవిడ ఆ ఎత్తులోనే మొదలెట్టింది. పల్లవి ఎలాగో గట్టెక్కింది. చరణం చివర పై స్వరానికి వెళ్లిన గొంతు ఎండుకొమ్మలా విరిగింది.

ఆవిడ గబుక్కున నవ్వి మైకును జనం వైపు తిప్పింది. జనం సరదా అనుకుని వాళ్లే పాడేశారు. మాస్టారు కీబోర్డు తెర వంక చూసి నాలుక కరుచుకున్నాడు. అక్కడ సున్నా ఉంది.

డ్రమ్స్ వేసుకుని వ్యానులో ఇంటికి బయల్దేరారు.

“నా గొంతు పోయిందండీ” అంది ఆవిడ.

“ఛ, అలసటంతే.”

“మొన్నటిదాకా అందింది. ఇవాళ అందలేదు. ఒక్క రోజులో పోతుందా ఎవరికైనా? ఏదో జబ్బే అయ్యుంటుంది.”

దరువు బండి నడుపుతూ అద్దంలోంచి బావని చూశాడు. బావ కిటికీలోంచి బయటికి చూశాడు.

మరునాడు గొంతు డాక్టరు దగ్గరికెళ్లారు. ఆయన నోట్లోకి దీపం వేసి, “జబ్బూ గిబ్బూ ఏం లేదమ్మా, వయసుకు తగ్గట్టు శుభ్రంగా ఉంది” అన్నాడు. జబ్బు లేదన్న మాట ఆవిడ చెవికెక్కలేదు. వయసుకు తగ్గట్టు అన్న మాటే పట్టుకుంది. తిన్నగా హాలు యజమాని దగ్గరికెళ్లి, ఈ శనివారంతో ఆపేస్తాను, ఎవరైనా అమ్మాయిని చూసుకోండి అని చెప్పేసింది. మైకు మీద కప్పే గుడ్డ కూడా ఉతికి మడతపెట్టి ఇచ్చేసింది.

మాస్టారు నోరు మూసుకుంటే ఆవిడ పాట మానేస్తుంది. నోరు విప్పితే, ఇన్నేళ్లూ తన వెనకే కూర్చుని తనను మభ్యపెట్టాడని తెలిసిపోతుంది. వ్యాను వెనక నిలబడి బావాబావమరుదులు తగువులాడుకున్నారు.

“చెప్పెయ్ బావా.”

“నువ్వు చెప్పు. నీ అక్కేగా.”

“నీ పెళ్లామేగా! నేను డ్రమ్స్ వాయించేవాణ్ని, నాకు శ్రుతితో ఏం పని?”

“తెలిసీ ఇన్నేళ్లు నోరెత్తలేదు కదా, నీకూ వాటా ఉంది.”

“నా వాటా తిట్లు నేను పడతాలే. ముందు నీ వాటా నువ్వు పడు. నీది పెద్దది.”

శుక్రవారం మధ్యాహ్నం, హాల్లో బల్లలు తుడిచే మనిషి తప్ప ఎవరూ లేనప్పుడు, మాస్టారు భార్యను తీసుకొచ్చి కీబోర్డు పక్కన కూర్చోబెట్టాడు. కిటికీ పాట ఎత్తుగడ వాయించాడు. బటన్ నొక్కాడు. అవే మెట్ల మీద అదే ఎత్తుగడ మళ్లీ వాయించాడు. ఈసారి కిందికి దిగి, నిండుగా, ఆవిడ రోజూ వినే పాటలా పలికింది.

“నువ్వు పాడేది ఇది. ఆ రోజు నేను పొరపాటున వాయించింది అది. నీ గొంతు ఒక్క రోజులో ఎక్కడికీ పోలేదు” అన్నాడు.

ఆవిడ తెర మీది అంకె వంక చూసింది. “ఎప్పట్నుంచి?”

“నీకు జలుబు చేసింది చూడు...”

“ఏ జలుబు? నాకు ఏడాదికో జలుబు!” అని ఒక్క క్షణం ఆగింది. తనకే గుర్తొచ్చింది. మొహంలో రంగు మారింది. “అంటే ఇన్నేళ్లూ నా వెనక కూర్చుని జాలిపడ్డారా?”

“జాలి కాదు.”

“మరేంటి?”

“భయం. అందట్లేదని తెలిస్తే నువ్వు మానేస్తావు. నువ్వు మానేస్తే నేనెవరికి వాయించను? ఇంకొకరికి వాయించడం నాకు రాదు. ఎప్పుడూ ప్రయత్నించలేదు.”

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ కోపం తగ్గలేదు. “వదిన మొహం మీద ఎంత మాటన్నానండీ! పెళ్లినాటి శ్రుతని టీ బండి దగ్గర డప్పు కొట్టుకున్నాను. మీరు పక్కనే నిలబడి టీ తాగారు.”

ఆవిడ లేచి మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఎక్కడికెళ్లిందో సాయంత్రానికి దరువు ద్వారా తెలిసింది. ఎదుటి హాలు వదిన ఇంటికెళ్లి జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పిందట. వదిన పడీ పడీ నవ్విందట. “నేను మా వాణ్ని అడిగి దింపించుకున్నాను, నిన్ను మీ ఆయన చెయ్యిపట్టుకుని దించాడు. ఇద్దరం ఒక మెట్టు మీదే ఉన్నాం, ఇక జరిగి కూర్చో” అందట. ఇద్దరూ ఒకే శ్రుతిలో పాడుకుంటూ కూర్చున్నారట.

“నా మీద కోపం పోయిందా?” అన్నాడు మాస్టారు ఆశగా.

“నాకైతే తిట్లు పడ్డాయి బావా. నీవి ఇంకా వండుతోంది.”

ఇంటికెళ్లేసరికి ఆవిడ భోజనాల బల్ల ఖాళీ చేసి ఉంది, ఆయన భుజాన ఉన్న కీబోర్డు దాని మీద పెట్టించింది. ఆ బటన్ మీద బొట్టంత టేపు ముక్క అంటించింది.

“రేపే కాదు, ఇక ముందూ పాడతాను. యజమానికి చెప్పేశాను కూడా. నాలుగు కాదు, ఆరు దించండి, నాకింకా హాయిగా ఉంటుంది. కానీ బటన్‌తో కాదు, వేళ్లతో దించండి.”

“ఆరు దించితే అన్నీ నల్ల మెట్లేనే!”

“నా గొంతు దిగిందని నేను ఒప్పుకున్నాను. మీ వేళ్లు కూడా కాస్త కష్టపడనివ్వండి.”

ఆ రాత్రి భోజనాలు వంటింటి గట్టు మీదే జరిగాయి. మాస్టారు బడిపిల్లాడిలా పల్లవి వెతుక్కున్నాడు. తప్పిన ప్రతిసారీ ఆవిడ గిన్నెలు కడుగుతూ అక్కణ్నుంచే “ఊహూ” అంది. “ఈ వయసులో వేళ్లు వంగట్లేదే” అని మాస్టారు గొణిగితే, “వయసుకు తగ్గట్టు శుభ్రంగానే ఉన్నాయి, వాయించండి” అంది.

శనివారం హాల్లో నర్సులు లేరు, వేరే ఎవరిదో పుట్టినరోజు గుంపు ఉంది. కిటికీ పాట మొదలైంది. కింది శ్రుతిలో ఆవిడ గొంతు వెడల్పుగా, వెచ్చగా వచ్చి బల్లల మధ్య పరుచుకుంది. దరువు కర్రలు పక్కన పెట్టి కుంచెల్లాంటి పుల్లలతో డ్రమ్ముల మీద మెల్లగా రాస్తూ తాళం వేశాడు. మాస్టారు కళ్లు పైకెత్తకుండా ఒక్కో మెట్టూ చూసుకుంటూ వాయించాడు.

చరణం చివరికి వచ్చారు. ఆవిడ పై స్వరం అందుకుంది. ఇప్పుడది ఎక్కడో నెత్తి మీద లేదు, చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో ఉంది. సరిగ్గా అక్కడే మాస్టారి వేళ్లు దారి తప్పాయి. ఏ మెట్టు ముట్టినా అది కాదు. దరువు చేతులు ఆపేశాడు.

ఆవిడ ఆ స్వరాన్ని వదల్లేదు. అలాగే నిలబెట్టి, పాడుతూనే వెనక్కి తిరిగి భర్త వంక చూసింది. కంగారేమీ లేదు, నెమ్మదిగా వెతుక్కోండి అన్నట్టు తలూపింది. మాస్టారు ఒక నల్ల మెట్టు ముట్టాడు, కాదు. ఇంకోటి ముట్టాడు, కాదు. మూడోది నొక్కేసరికి అది వెళ్లి ఆవిడ గొంతు కింద సరిగ్గా కూర్చుంది. ఆవిడ నవ్వుతూ ముందుకు తిరిగి మిగిలిన పాట అందుకుంది.