మా పార్టీ వాతావరణం

ఉన్న పరువంతా ఒక్క పొద్దున, అదీ కెమెరా ముందు, పూలదండ సాక్షిగా పోగొట్టుకోవడం ఎలాగో తెలుసుకోవాలంటే మీరు నన్నే అడగాలి. మా పాకాల చుట్టుపక్కల ఆ విద్యలో నాకు పోటీ లేదు. ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నానుగానీ, ఆ తర్వాత నెల రోజులు టీ అంగడి ముందు బండి ఆపే ధైర్యం లేకపోయింది నాకు.

అప్పటికి నాకు ఇరవై ఏడేళ్లు. తిరుపతిలో సెల్‌ఫోన్ల అంగడిలో పని, ఊళ్లో రాజకీయం. నా రాజకీయం చాలా సులువు: మా బావ ఏమంటే దానికి ఎదురు. మా అక్క మొగుడు చెంగల్రాయులు అవతలి పార్టీ మనిషి. సూర్యుడు తూర్పున పొడుస్తాడని వాళ్లంటే, పడమటికి తిరిగి దండం పెట్టే రకం నేను. ఆ ఏడు వాళ్ల నాయకుడొకాయన సభలో, భూమి వేడెక్కుతోంది, వాతావరణం మారుతోంది, మామిడి రైతులు జాగ్రత్తపడాలి అన్నాడు. అంతే, ఆ క్షణం నుంచి నా దృష్టిలో భూమి చల్లబడింది.

డిసెంబరు చివర్లో ఒక సాయంత్రం నాయన, బావ, నేను టీ అంగడి బెంచీ మీద కూర్చున్నాం.

"సలి యాడుండాదప్పా ఈ తూరి? ఫ్యాను లేకుండా నిద్ర పట్టలా. వాతావరణం మారిపోయింది. సలి లేకుంటే మామిడికి పూత రాదు," అన్నాడు బావ.

"మారింది మీ పార్టీ వాతావరణం బావా! మా పార్టీ వాతావరణం బాగుండాది."

"ముందు ఆ సెమట తుడుసుకోని మాట్లాడు."

"ఇది సెమట కాదు, మంచు!"

బెంచీ అంతా నవ్వింది. నాయన మాత్రం నవ్వలేదు. ఆయన కొత్తగా ఆవులను కొని, ఆ పనిలో పడి, మా ఐదెకరాల తోతాపురి మామిడి తోటను ఎవరో ఒకరికి అప్పగించాలని చూస్తున్నాడు. సెల్‌ఫోన్ల అంగడి మానేసి ఆ తోట చూసుకోవాలని నాకు ఎంత ఆశో! నన్ను నమ్మడానికే ఆయనకు మనసు రావడం లేదు. పైగా బావ కన్ను కూడా ఆ తోట మీదే ఉంది.

"నోళ్లు మూయండప్పా ఇద్దురూ," అన్నాడు నాయన. "పూత వచ్చిందా, రాలేదా? సూసొచ్చి చెప్పండి. ఉండేది ఉన్నట్టు చెప్పినోడి చేతికే ఈ యేడు తోట."

"సూసేదేముండాది మామా? రాలా," అన్నాడు బావ, టీ ఊదుకుంటూ.

నేను వెంటనే బండి తీశాను. తోట దాకా వెళ్లాను, నిజమే. లోపలికి మాత్రం వెళ్లలేదు. కొత్త ప్యాంటుకు పల్లేరుకాయలు అంటుకుంటాయని రోడ్డు మీదే బండి ఆపి, కంచె పైనుంచి చూశాను. సాయంత్రపు ఎండలో తోటంతా ఎర్రగా, లేతగా మెరిసిపోతోంది! కొమ్మకొమ్మకూ కొత్త గుత్తులు! ఫోటో తీసి పార్టీ వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. కింద ఒక ముక్క కూడా రాశాను: "వాతావరణం మారిందన్న వాళ్లకు మా తోట పూతే జవాబు."

పది నిమిషాల్లో మా మండల నాయకుడి ఫోను. "సుబ్బరమణీ, అదరగొట్టినావప్పా! రేపు పొద్దున కెమెరాతో వస్తా ఉండాం. దండలు రెండు తెప్పించు."

"ఎవరికన్నా?"

"ఒకటి చెట్టుకు. ఒకటి నాకు."

పొద్దున్నే నాయకుడు, ఆయన వెనక ఇరవై మంది, లోకల్ చానల్ కెమెరా అబ్బాయి ఒకడు దిగారు. నాయన, బావ కూడా వచ్చారు. ఏళ్ల తరబడి మా తోటలో పనిచేస్తున్న కుప్పమ్మక్క ఒక పక్క చెట్లకు పాదులు తీస్తోంది. నాయకుడు చెట్టుకు దండ వేసి, ఒక కొమ్మ వంచి పట్టుకుని గొంతు సవరించుకున్నాడు.

"చలి లేదన్నారు! భూమి వేడెక్కిందన్నారు! ఈ పూతను చూసి సిగ్గుపడండి!"

చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే.

కుప్పమ్మక్క పార పట్టుకుని దగ్గరికొచ్చింది. "పూత యాడుండాది సామీ?"

"నీ కండ్ల ముందరే ఉండాది గదమ్మా!"

"ఇది సిగురు సామీ, ఆకు. సింతసిగురయితే పప్పులో అన్నా ఏసుకుందుము. ఈ మామిడి సిగురును ఏం జేసుకోను?"

చప్పట్లు ఆగిపోయాయి. మామిడి చెట్ల కింద పుట్టినవాడికి ఆకుకూ పూతకూ తేడా తెలియదా అని మీరడుగుతారు. రోడ్డు మీద నుంచి చూస్తే తెలియదండీ. అయినా ఒప్పుకుంటే నేను నేనెట్లా అవుతాను?

"అక్కా, నీకు తెలీదు. ఇది ఆకు మాదిరుండే పూత. కొత్త రకం," అన్నాను.

"అట్లయితే కాయలెట్ల కాస్తాయిరా? విస్తరాకుల మాదిరా?" అన్నాడు బావ.

నాయన ఒక రెమ్మ తుంచి, నలిపి, వాసన చూశాడు. "సలి సరిగ్గా లేకుంటే పూతకు బదులు ఇట్ల సిగురేస్తాది. నిన్న మీ బావ మొత్తుకునింది ఇదే గదరా."

అంటే బావ మాట నిజమని నిరూపించడానికి నేనే ఇరవై మందినీ, కెమెరానూ పిలిపించానన్నమాట. నేను మెల్లగా చెట్టు చాటుకు జరిగాను. మా నాయకుడు మాత్రం చెక్కుచెదరలేదు.

"కెమెరా నడస్తా ఉండాదా?" అని అడిగి, అటు తిరిగాడు. "చూశారా ప్రజలారా! పూత రావలసిన చోట చిగురొచ్చింది! వాతావరణం ఇంత ఘోరంగా మారిపోవడానికి కారకులెవరు? అవతలి పార్టీ వాళ్లే!"

మళ్లీ చప్పట్లు. అవే చేతులు!

బావకు రోషమొచ్చింది. "ఏం మారిందప్పా? సలి బాగనే ఉండాది! నేను రెండు దుప్పట్లు కప్పుకోని పండుకుంటా ఉండా! తోట సూసుకునేది చేతగాక మా పార్టీ మీద పడతారా?"

నా అవస్థ కాస్త ఆలోచించండి. నా మాట బావ నోట్లో ఉంది. బావ మాట మా పార్టీ నోట్లో ఉంది. ఎవరికి ఎదురు చెప్పాలో దిక్కు తోచలేదు. సరిగ్గా అప్పుడే కెమెరా అబ్బాయి మైకు నా మూతి దగ్గర పెట్టాడు.

"రైతుబిడ్డవు, నువ్వు చెప్పప్పా. వాతావరణం మారిందా, లేదా?"

"మీరెట్ల చెప్తే అట్లన్నా," అన్నాను మా నాయకుడి వైపు చూసి. ఆ రోజు లోకల్ చానల్లో ఆ ఒక్క ముక్కే తిప్పి తిప్పి వేశారు.

జనం వెళ్లాక బావ నాయన దగ్గర చేరాడు. "మామా, పూత రాలేదని నేను ముందే చెప్తిని గదా. తోట నాకే గదా?"

"నువ్వు నిన్న సలి లేదంటివి, ఇప్పుడు రెండు దుప్పట్లంటివి. ఈడు ఆకును పూతంటాడు. కుప్పమ్మా, గేటు తాళం తీసుకో. ఈ యేడు తోట నీది."

నాకు ఏడుపొచ్చింది. వేళాకోళం కాదు, నిజంగానే వచ్చింది. చేతికి అందవలసిన తోట నా నోటి మూలంగా పోయిందని తెలుస్తూనే ఉంది. కళ్లు తుడుచుకుని కుప్పమ్మక్క దగ్గరికి వెళ్లాను.

"అక్కా, నాకేమన్నా పనిస్తావా?"

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసి పార చేతికిచ్చింది. "పాదులు తీయి. పనికొస్తే ఉంచుకుంటా. చెట్ల గురించి మాత్రం ఎవురికీ ఏమీ చెప్పొద్దు నాయనా."

అక్కడే, అప్పుడే, తిరుమల కొండ ఉన్న దిక్కుకు తిరిగి, పార భుజాన పెట్టుకుని శ్రీవారికి మాటిచ్చాను: స్వామీ, ఇకమీదట ఎండ గురించిగానీ, చలి గురించిగానీ, మా పార్టీ అడిగినా, అవతలి పార్టీ అడిగినా, కుప్పమ్మక్కను అడక్కుండా నోరు విప్పను.