మంచుకొండ మీద నీళ్ళ మంత్రి

హెలికాప్టర్ మమ్మల్ని దించి, రెక్కలు ఆపకుండానే వెళ్ళిపోయింది. చుట్టూ తెలుపు. ఎండ ఉంది గానీ అది ఒళ్ళు కాల్చే ఎండ కాదు, కళ్ళు పొడిచే ఎండ. నేను పెనుకొండ పక్కన ఎర్రమంచిలో, ఎర్రమట్టిలో పెరిగినవాణ్ణి. అంత తెలుపు ఒక్కచోట ఎన్నడూ చూడలేదు.

"కళ్ళద్దాలు తియ్యొద్దు. పరుగెత్తొద్దు. దప్పిక లేకున్నా నీళ్ళు తాగాల" అన్నాడు పోస్టు కమాండర్. గఢ్వాల్ కొండల మనిషి, హవల్దార్. ఆయన చెప్పేదంతా హిందీలోనే. నాకు మాత్రం ఇప్పటికీ తెలుగులోనే గుర్తుంది.

సరిహద్దు మీద ఆఖరి పోస్టు మాది. ఒక ఫైబర్ గుడిసె, ఇసుక మూటల బంకరు, అందులో మెషిన్‌గన్. గన్ నాది. కిందికి ఒక దారి ఉండేది. మంచు పడితే అదీ ఉండేది కాదు. గుడిసెలో నలుగురం: హవల్దార్ సాబ్, నేను, మేం డాక్టర్ అని పిలుచుకునే పంజాబీ నర్సింగ్ అసిస్టెంట్, రేడియో ఆపరేటర్.

ఆపరేటర్ నా పెట్టె మీది పేరు చదివి, నా వైపు చూశాడు.

"యా ఊరప్పా నీది?"

ఆ మాట వినగానే చలి సగం పోయింది. "పెనుకొండ కాడ. నీది?"

"పావగడ!"

పావగడ కర్ణాటకలో ఉంది. కానీ మూడు దిక్కులా ఆంధ్రానే. వాళ్ళు సంతకు హిందూపురం వస్తారు, మనవాళ్ళు పెళ్ళి సంబంధాలకు అక్కడికి పోతారు. భాషను బట్టి రాష్ట్రాలు విడదీసినప్పుడు ఏ తాలూకా ఎవరికని ఇరువైపులా కొట్లాడినారని మా అవ్వ చెప్పేది. ఆ కొట్లాట మేమిద్దరం ఆ మంచులో మళ్ళీ మొదలుపెట్టాం.

"మీ ఆంధ్రాలో ఉండే మడకశిర మాదే. ఆడ అందరూ కన్నడ మాట్లాడతారు" అంటాడు ఆపరేటర్.

"అట్లయితే పావగడ మాది. నువ్వు మాట్లాడతాండేది ఏం భాష?" అంటాను నేను.

ఒకరోజు హవల్దార్ సాబ్‌కు విసుగొచ్చింది. "రెండు రాష్ట్రాలూ వద్దు. మీ జాగా అంతా కలిపి ఒక దేశం చేసుకోండి. నన్ను నిద్రపోనీయండి" అన్నాడు.

అంతే, ఆ పూటే దేశం పుట్టింది. రాయలేలిన ఊరని పెనుకొండను రాజధాని చేశాం. హిందూపురం సంత జాతీయ మార్కెట్టు. ధర్మవరం పట్టుచీరలు, మా ఎర్రమంచి ఫ్యాక్టరీ కార్లు బయటికి అమ్ముతాం. పావగడలో ఎండ చాలా ఉంది కాబట్టి కరెంటు వాళ్ళది. భాష రెండూ కలిపి, ఎవరి నోటికి ఎట్ల వస్తే అట్ల.

"సైన్యాధిపతిని నేనే గదా?" అన్నాడు హవల్దార్ సాబ్.

"మా దేశంలో సైన్యం లేదు సాబ్."

"ఎవరైనా దండెత్తి వస్తే?"

"ఆడ తాగేదానికి నీళ్ళే లేవు సాబ్. ఎవరొస్తారు?" అన్నాడు ఆపరేటర్. డాక్టర్ నవ్వుకు చేతిలోని టీ గ్లాసు తొణికింది.

రాష్ట్రపతి ఎవరన్నది మాత్రం తేలలేదు. దాని మీద రోజూ వాదించుకునేవాళ్ళం. చలికాలమంతా అట్లే గడిచిపోతుందనుకున్నాను.

ఒక పొద్దున ఆపరేటర్ లేవలేదు. దగ్గు. పెదవులు నేరేడుపండు రంగు. డాక్టర్ అతని ఛాతీ మీద చెవి ఆనించి, నా వైపు తిరిగాడు. "ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు చేరుతున్నాయి. కిందికి దింపాల, ఈరోజే."

కింది దారి మంచులో పూడిపోయింది. హవల్దార్ సాబ్ రేడియో అందుకున్నాడు. కింది నుంచి జవాబు వచ్చింది: "మబ్బు కమ్మింది. మబ్బు విడిస్తేనే హెలికాప్టర్. ఓవర్."

ఆపరేటర్‌ను గోడకు ఆనించి కూర్చోబెట్టాం. ఆక్సిజన్ పెట్టాం. డాక్టర్ నాతో అన్నాడు: "మగతలోకి పోనీయొద్దు. ఎక్కువ మాట్లాడించొద్దు. ఒక్కో మాట చాలు. మాట తడబడితే నాకు చెప్పు."

నేను ఆపరేటర్ పక్కన కూర్చున్నాను. చెయ్యి పట్టుకున్నాను. "ఏమప్పా, పోనీలే, రాష్ట్రపతి నువ్వే. తీసుకో."

తల అడ్డంగా ఊపాడు. మాస్కు కొంచెం జరిపి, "నీళ్ళ మంత్రి" అన్నాడు.

"సరే మంత్రీ. మొదటి పని?"

"చెరువులు."

నేను ఒక్కో చెరువు పేరు చెప్పడం మొదలుపెట్టాను. "ధర్మవరం చెరువు?"

"నిండింది."

"బుక్కపట్నం?"

"నిండింది."

"పెనుకొండ?"

"నిండింది... మరువ పారతాండాది."

మరువ అంటే చెరువు నిండి నీళ్ళు పొర్లిపోయే చోటు. పేర్లు అయిపోతే చిన్న కుంటలు కూడా చెప్పాను. తలుపుల, తాడిమర్రి, మా ఎర్రమంచి. అతను ఊపిరి కూడదీసుకుని, ఛాతీ తట్టి చూపించాడు. "ఈడ... శానా ఉండాయి నీళ్ళు. తాడిమర్రికి పంపప్పా."

భాష రాని డాక్టర్ కూడా, ఏదో హాస్యమాడినాడని గ్రహించి నవ్వేశాడు. కానీ ఆ తర్వాత ఆపరేటర్ కళ్ళు మూతలు పడ్డాయి.

"పావగడ చెరువు?" భుజం పట్టి కుదిపాను.

"పావగడ! పావగడ! ఏమైంది చెప్పు, ఓవర్!"

పెదవులు కదిలాయి. "తుంబితు" అన్నాడు. నిండింది అని, వాళ్ళమ్మ భాష కన్నడంలో.

అప్పుడు గుడిసె రేకు అదిరింది. హవల్దార్ సాబ్ తలుపు తోసి బయటికి దూకాడు. "మబ్బు విడిచింది! వచ్చేస్తున్నాడు!" పరుగెత్తొద్దన్న మనిషి మంచులో పరుగెత్తాడు. ముగ్గురం స్ట్రెచర్ మోశాం. హెలికాప్టర్ వాలింది, అతన్ని ఎక్కించుకుంది, లేచింది. సాయంత్రం రేడియోలో వార్త: "మీవాడు ఆసుపత్రిలో ఉన్నాడు. బతుకుతాడు. ఓవర్." డాక్టర్ భాంగ్రా ఆడాడు. మేమూ ఆడి, ఆయాసపడి మంచులో కూలబడ్డాం.

వేసవి ముందర నా వంతు ముగిసింది. హిందూపురం స్టేషన్లో రైలు దిగేసరికి ఆపరేటర్ ప్లాట్‌ఫారం మీద ఉన్నాడు. బుగ్గలు నిండాయి. పక్కన వాళ్ళమ్మ. ఆమె నా రెండు చేతులూ పట్టుకుని, "నువ్వేనా నాయనా, నా కొడుకుతో చెరువులు నింపించింది?" అంది. ఏడుస్తూ నవ్వింది. నేనూ అంతే.

ఇప్పుడు నేను పింఛనీ మనిషిని. ఫ్యాక్టరీ షిఫ్టు దిగిన పిల్లోళ్ళు టీ అంగడికాడ అడుగుతుంటారు: "ఏమన్నా, బార్డర్లో ఏం జూసినావు?" మంచు, కొండలు అని చెప్తాను. నాకు కనబడేది మాత్రం ఒక్కటే. పైకి లేస్తున్న హెలికాప్టర్ అద్దం వెనక ఆపరేటర్ ముఖం. మాస్కు ఊపిరికి తెల్లగా మసకబారుతుంది. తేటపడుతుంది. మళ్ళీ మసకబారుతుంది.