వెర్లిన్ టటిల్ మోసిన కడుపు

వెర్లిన్ టటిల్‌కు ఒకటే జబ్బు. ఏది అడిగినా, స్వయంగా చేసి చూడనిదే జవాబు చెప్పడు. కుక్క బిస్కట్లో ఉప్పు సరిపోయిందో లేదో చెప్పగల మనిషి సామన్ నది ఒడ్డున ఆయనొక్కడే.

ఆ నది సుడుల మీద జనాన్ని రబ్బరు పడవల్లో తిప్పడం ఆయన వ్యాపారం. తొమ్మిదేళ్లుగా ఆయన పడవలు నడుపుతున్న టెస్సాకు ఆ వసంతంలో నాలుగో నెల వచ్చింది. ఏం చేయవచ్చో, ఏం చేయకూడదో ఆమెకు అంతు పట్టలేదు. స్నేహితురాలేమో ఎనిమిదో నెల దాకా కొండలెక్కానంది. అత్తగారు మెట్లు కూడా ఎక్కొద్దంది. మంత్రసాని గ్వెన్ 'వద్దు' అన్న మొదటి మాటకే టెస్సా చెవులు మూసుకుపోయాయి. సుడులు లేని వేసవి ఒకటుంటుందని ఆమె ఊహకే రాలేదు. చివరికి వెర్లిన్‌ను అడిగింది.

"ఆగు పిల్లా, చేసి చూసి చెప్తా," అన్నాడాయన.

"నీకు అరవై ఏడేళ్లు. పైగా మగాడివి."

"అవి చిన్న చిక్కులే."

మర్నాడు పన్నెండు పౌండ్ల గోధుమపిండి బస్తా పొట్టకు కట్టుకుని గుర్రమెక్కాడు. గుర్రం ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. ఆయన్ను ముళ్లపొదలో దించి ఇంటికెళ్లిపోయింది.

"ఏం తేలింది?" అంది టెస్సా.

"గుర్రానికి ఇష్టం లేదు. బస్తా నచ్చలేదో, నేనే నచ్చలేదో చెప్పలేను."

కొండెక్కితే బస్తా అడ్డొచ్చి తన పాదాలు తనకే కనపడలేదు. సగంలో ఇరుక్కుంటే అగ్నిమాపక దళం వచ్చి దించింది. "ఎక్కడం మంచిదే పిల్లా. దిగడం దగ్గరే అనుమానం," అన్నాడు. లోయకు అడ్డంగా కట్టిన ఇనుప తీగకు వేలాడుతూ జారితే నడిమధ్యలో ఆగిపోయి తలకిందులుగా వేలాడాడు.

"ఇది మంచిదా, కాదా?" అని కింద నుంచి అడిగింది టెస్సా.

"నువ్వు పైనున్నావా, కిందున్నావా? ముందు అది చెప్పు."

టెస్సాకు ఉన్న అయోమయం రెట్టింపైంది.

ఆఖరున సుడుల్లోకి పడవ తోశాడు. ఒడ్డుకొచ్చేసరికి బస్తా చిరిగి, తడిసిన పిండి మోకాళ్ల దాకా కారుతోంది.

"నలభై ఏళ్లుగా ఎరిగిన నది. ఒక్క కుదుపుకే ఇలా అయింది," అన్నాడు. ఈసారి నవ్వలేదు.

టెస్సా చేయి తెలియకుండానే పొట్ట మీదికి వెళ్లింది. ఆ మధ్యాహ్నమే గ్వెన్ దగ్గరికి వెళ్లి, మొదటిసారి చివరిదాకా విన్నది.

"పడే ప్రమాదమున్నవి, పొట్టకు దెబ్బ తగిలేవి, నీళ్ల అడుగుకు మునిగేవి వద్దు. నడక, ఈత, కదలని నీళ్లలో వెడల్పాటి పడవ, నీకు హాయిగా ఉన్నంతకాలం పర్వాలేదు," అంది గ్వెన్. "ఇదంతా మీ వెర్లిన్ పోయిన నెలలోనే వచ్చి అడిగి రాసుకుపోయాడే. నీకు చెప్పలేదా?"

టెస్సా మండిపడుతూ వచ్చింది. "అన్నీ తెలిసి ఆ వేషాలెందుకయ్యా?"

"నోటితో వద్దన్న వాళ్ల మాట ఎవరిదైనా విన్నావా?" అంటూ కొట్టం తలుపు తీశాడు. లోపల కొత్త పడవ, పానుపంత వెడల్పున్నది. నదికి ఎగువనున్న సరస్సులో జనానికి పక్షులు చూపించడానికట. గోడకున్న పట్టీలో వేసవంతటికీ జనం అప్పుడే పేర్లు రాయించుకున్నారు. నడిపేవారి పేరు దగ్గర టెస్సా అని ఉంది.

మొదటిరోజు ఆరుగురు ముసలమ్మలు ఎక్కారు. వెర్లిన్ పడవను నీళ్లలోకి నెట్టి, నడుము లోతుదాకా పక్కనే నడిచాడు.

"ఇక వదులు ముసలాయనా," అంది టెస్సా.

"వదిలేశాగా," అన్నాడాయన, అంచు గట్టిగా పట్టుకునే.