పరకాల దండు మీద నా ధర్మయుద్ధం

ఆ రోజుల్లో నా దగ్గర నాలుగు వాయిలు చీరలు, ఒక రేకు పెట్టె, బోలెడంత కోపం ఉండేవి. చీరలు వంతులవారీగా కట్టేదాన్ని, పెట్టె పండక్కోసారి తుడిచేదాన్ని, కోపం మాత్రం రోజూ వాడకంలోనే ఉండేది. లోకంలో ఎక్కడ అన్యాయం జరిగినా ముందు నాకు చెప్పి జరగాలన్నట్టు ఉండేది నా వాలకం. ఆఫీసులో టైపు మిషన్ రిబ్బను నాకు పాతదిచ్చి పక్కామెకు కొత్తదిచ్చారని ఒకరోజంతా అన్నం తినలేదు (సాయంత్రం మిర్చిబజ్జీలు తిన్నాను, అవి అన్నం కావు కదా). గదిలో అందరూ నన్ను "లొల్లి చెల్లె" అని పిలిచేవాళ్లు. ఆ పేరు పెట్టినందుకు కూడా లొల్లి చేశాను. పేరు గట్టిపడింది తప్ప పోలేదు.

గది అంటే హనుమకొండలో ఒక మేడ మీది రేకుల గది. డెబ్బైల చివర్లో మాట. నలుగురం ఉండేవాళ్లం. అందరికన్నా పెద్దది దవాఖాన అక్క. నర్సు. ఎంత పెద్ద గొడవనైనా జ్వరం చూసినట్టు చూసి, "తగ్గుతది తీయ్" అనేది. రెండో ఆమె ఉర్దూ బడిలో టీచరు, మేమంతా ఆపా అనేవాళ్లం. లెక్కలో దిట్ట, నోట్లో మాట తక్కువ. మూడో ఆమె నిద్ర చెల్లె, బట్టల దుకాణంలో పని. ఆమె గురించి ఇంతకన్నా చెప్పాల్సింది లేదు, మిగతా సమయమంతా పడుకునేది. నాలుగోదాన్ని నేను.

మాకొక ఆట ఉండేది. దానికి "రాజ్యం" అని పేరు. అక్కతో నర్సు ట్రైనింగు చేసిన ఒకామెకు పరకాలలో పోస్టింగు వచ్చింది. ఆమె ఉన్న గదిలో ఐదుగురు. వీళ్లిద్దరూ ట్రైనింగులో ఉండగా పొద్దుపోక కనిపెట్టిన ఆటను ఉత్తరాల మీదికి ఎక్కించారు. పాత క్యాలెండరు వెనక వరంగల్లు చుట్టుపక్కల పటం గీశాం. ఊరికో కోట. మా గదిది ఒక దండు, వాళ్ల గదిది ఒక దండు. ప్రతి ఒక్కరికీ ఒక వేషం. మా దండులో అక్క రాణి, ఆపా సేనాని, నేను మంత్రిని, నిద్ర చెల్లె కోట కావలి (పెట్టిందెవరో గానీ ఆలోచించి పెట్టలేదు). కేసముద్రం చేతిలో ఉన్నవాళ్లకు ధాన్యం, ధర్మసాగర్ చేతిలో ఉన్నవాళ్లకు నీళ్లు. యుద్ధమంటే ఆరు గవ్వలు వేయడం. ఎన్ని వెల్లకిలా పడితే అంత బలం. మా గవ్వలు మేము వేసి ఎంత పడిందో వాళ్లకు రాసేవాళ్లం, వాళ్లవి వాళ్లు వేసి మాకు రాసేవాళ్లు. మరి అబద్ధం రాస్తే? అందుకే గవ్వలు వేసేటప్పుడు దండంతా చూడాలనీ, పోస్టుకార్డు మీద కనీసం ఇద్దరు సాక్షి సంతకం చేయాలనీ రూలు. ఇంకో రూలు, ఏం రాసినా కార్డు మీదే రాయాలి. ఇన్‌లాండు, కవరు లాంటి మూసి పంపేవి వాడరాదు. రాజ్యంలో చాటుమాటు మంతనాలు ఉండరాదని ఆ రూలు పెట్టించింది నేనే. దానికోసం రెండు వారాలు కొట్లాడాను.

కార్డు కాబట్టి అది ఎవరి చేతిలో పడితే వాళ్లు చదివేవాళ్లు. మా పోస్టు మామయితే మెట్ల మీదే చదువుకుంటూ వచ్చి సలహా కూడా ఇచ్చేవాడు. "బిడ్డా, ధర్మసాగర్ మీదికి జర ఆగి పోండ్రి, వానలు పడ్తానయ్" అనేవాడు.

పరకాల దండులో నాకు కంటగింపు వాళ్ల మంత్రి. ఎర్రసిరాతో, ముత్యాల్లాంటి అక్షరాలతో, ఎంత పొగరుగా రాసేవాడో! "ఓరుగల్లు మంత్రిగారికి కోపమే బలము, ఆలోచన అరువు" అని రాశాడొకసారి. ఆడమనిషే మగవేషం కట్టి రాస్తోందని తెలిసినా, ఆ మంత్రి నాకు మీసాలతో సహా కనిపించేవాడు. నిద్ర చెల్లెకేమో వాళ్ల ఆస్థానకవి అంటే ప్రాణం. పచ్చసిరాతో నాలుగు పాదాలు రాసి పంపితే దిండు కింద పెట్టుకొని పడుకునేది. సేనానిది బరువు చేయి, రాజుది వంకర రాత. ఒక్కొక్కరిదీ ఒక్కో గుణం. పక్కింటి వాళ్లకన్నా వాళ్లే మాకు ఎక్కువ తెలుసనిపించేది.

రెండు నెలలు ధర్మసాగర్‌ను ముట్టడించాను. పథకమంతా నాదే. ఇంకొక్క గెలుపుతో కోట మాది కావాలి, ఎర్రసిరా మంత్రి నా కాళ్ల దగ్గర కిరీటం పెట్టాలి. సరిగ్గా అప్పుడు ఒక మధ్యాహ్నం పోస్టు మామ మొహం మాడ్చుకుని వచ్చాడు. "ఇయ్యాల నాకు చదువుటానికి ఏం లేదు బిడ్డా" అంటూ అక్క చేతిలో ఒక ఇన్‌లాండు పెట్టాడు. పరకాల ముద్ర!

అక్క అటు తిరిగి చదివింది. మడిచి రవికెలో పెట్టుకుంది.

"ఏందక్కా అది?"

"ఏం లేదు. వంట చూడు పో."

ఆ సాయంత్రమే, "ధర్మసాగర్ ఇడ్సిపెడ్దామా? ముట్టడి ఎత్తేద్దాం" అంది, ఉప్పు తక్కువైందన్నంత తేలిగ్గా. నా చెవులు నేనే నమ్మలేదు. రెండు నెలల ముట్టడి! ఏ కారణమూ చెప్పకుండా! శత్రువు దగ్గరి నుంచి దొంగ ఉత్తరం వచ్చిన రోజే! కళ్లముందే ద్రోహం జరుగుతుంటే ఆపా బియ్యంలో రాళ్లు ఏరుతోంది, కావలి పడుకుంది. "రాణి అయితే మాత్రం? దండుకు చెప్పకుంట శత్రువుతోని మాట్లాడుతదా?" అని అరిచాను. "గొంతు నొస్తది, ఉప్పునీళ్లు పుక్కిలించు" అంది అక్క. నా ధర్మాగ్రహానికి ఉప్పునీళ్లు! ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

మూడు రోజులు నిద్రలేదు. నాలుగో రోజు ఆదివారం. అక్క తలస్నానానికి పోయింది. రహస్యాలు ఉండరాదన్న నియమాన్ని కాపాడటం కోసం నేను రహస్యంగా అక్క పెట్టె తెరిచి, రహస్యంగా ఆ ఇన్‌లాండు తీశాను (ఇందులో తప్పేమైనా ఉందని ఆ క్షణాన నాకు తట్టలేదు). అక్క తల తుడుచుకుంటూ వచ్చేసరికి ఆపాను కూర్చోబెట్టి, కావలిని లేపి, గది మధ్యలో నిలబడ్డాను.

"అక్కా, దండు ముంగట చదువుతాన. వద్దనుకుంటే ఇప్పుడే చెప్పు."

అక్క నన్ను చూసింది, ఉత్తరాన్ని చూసింది. "చదువు మరి. లొల్లి పోతది" అంది. ఆ గొంతులో కోపం లేదు. అదే నాకు ఇంకా కోపం తెప్పించింది. గొంతెత్తి చదివాను.

"అక్కా, నమస్తే. మీ దోస్తుకు ట్రాన్స్‌ఫర్ అయింది. మిగిలినోళ్లు ఒక్కొక్కరు ఒక్కో దిక్కు పోయిండ్రు. ఇప్పుడు పరకాల దండంటే నేనొక్కదాన్నే, బాలవాడి టీచర్ని. మూడు నెలల సంది ఐదుగురి కార్డులు నేనే రాస్తాన. రాజుకు ఎడమచేత్తోని రాస్త. సాక్షి సంతకాలు గూడ నేనే పెడ్తాన. రూలు తప్పిన. ఎవరు లేరని చెప్తె మీరు ఆట బంద్ జేస్తరని చెప్పలే. మీ కార్డు వచ్చే రోజు నాకు పండుగ లెక్క ఉంటది. ధర్మసాగర్ పోతె నాకింక కోట లేదు. ఆట ఎట్లయినా అయిపోతది గద, మీ ఒక్కరికన్న నిజం చెప్పాల్నని రాస్తాన. మీ మంత్రికి మాత్రం చెప్పకుండ్రి. ఆమెకు కోపమెక్కువని కార్డుల్లనే తెలుస్తది."

చివరి రెండు వాక్యాలు నా నోటితో నేనే చదివాను. చదివాక కూర్చోవడానికి చోటు కోసం చూశాను. నిద్ర చెల్లె దిండు కింది నుంచి పచ్చసిరా కార్డులు తీసి, వాటిని చూస్తూ ఏడుపు మొదలుపెట్టింది. "అంటే కవి లేడా?" అంది.

మనిషన్నాక అక్కడ ఆగాలి. నేను ఆగలేదు. "అయితే మోసమే గద! సాక్షుల్లేకుంట మూడు నెలలు గవ్వలేసింది. ఎన్ని తప్పుడు పందాలు రాసిందో ఎవరికెరుక!" అన్నాను.

ఆపా లేచి కార్డుల కట్ట తెచ్చి, మూడు నెలలవీ వరసగా చాప మీద పరిచింది. ఒక్కొక్క కార్డు మీద వేలు పెట్టి చదివింది. "ఒకటి. రెండు. ఒకటి. సున్నా. మూడు. ఒకటి." అలా చివరిదాకా. తర్వాత నా మొహంలోకి చూసింది. "ఎవరు చూస్తలేరు గద చెల్లె. ఆరని రాసుకోవచ్చు గద. సున్నా పడ్డదని ఎందుకు రాస్తది?"

అప్పుడు మా కావలి, జీవితంలో మొదటిసారి సరైన సమయానికి మేలుకుని, ముక్కు తుడుచుకుంటూ, "మరి కేసముద్రం నాడు మనం..." అంది.

"నోర్మూయ్!" అన్నాను.

చెప్పక తప్పదు. కేసముద్రం కోట మీద మాకు పడింది ఒకటే. కానీ ఒక గవ్వ దొర్లి మంచం కిందికి పోయిందనీ, ఆ పందెం లెక్కలోకి రాదనీ నేను వాదించాను. మళ్లీ వేస్తే ఐదు పడింది. కేసముద్రం మాదైంది. "ఐదు" అని రాసిన కార్డు మీద ఇద్దరు చాలన్నా నలుగురమూ సంతకాలు చేశాం. నలుగురం సాక్షులం చూస్తూ చూస్తూ చేసిన పని అది. అవతల సాక్షి లేని పిల్ల ఒక్కతీ కూర్చుని సున్నాను సున్నా అని రాసింది. అప్పటిదాకా లోకం మీద వాడిన కోపమంతా ఒక్కసారిగా నా మీదికే తిరిగింది. అంత కోపం భరించడం ఎంత కష్టమో తెలిసొచ్చి, నాతో ఇన్నాళ్లూ ఉన్న ఆ ముగ్గురి మీద అప్పుడు జాలి కలిగింది.

అక్క తల ముడేసుకుంది. "ఆమెకు దండు లేదు, మనకు నలుగురున్నం. నువ్వు పరకాల దండుల చేరు. సాక్షి ఉంటది, ఆట ఉంటది" అంది. "నన్ను ఎళ్లగొడ్తాన్నవా?" అన్నాను. "అప్పిస్తాన్న" అంది.

మరుసటి ఆదివారం పరకాల బస్సెక్కాను. బాలవాడి పక్కనే చిన్న గది. తలుపు తీసిన పిల్ల నా భుజం దాకా కూడా లేదు, ఎడమచేతి వేళ్లకు సిరా. నేనెవరో చెప్పగానే ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ మంత్రి పొగరు, ఆ మీసాలు, ఈ పిల్లవేనా! నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, చాయ్ పెట్టి ఇచ్చి, తను కింద కూర్చుంది.

"తప్పయింది అక్కా. మీరు నలుగురుంటరు, ఒకర్నొకరు చూసుకుంటరు, మీ పందెం ఎన్నడు తప్పుడు కాదు. నేనొక్కదాన్ని. నన్నెట్ల నమ్ముతరని రోజు భయపడ్డ."

చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు. నిజం దాచరాదని రెండు వారాలు కొట్లాడి రూలు పెట్టించిన మనిషిని, నోరు తెరిచాను. "చాయ్ మంచిగున్నది" అన్నాను. ఆ పిల్ల నవ్వింది. ఇద్దరం కలిసి గవ్వలేశాం. నా అక్షరం పక్కన ఆమె ముత్యాల అక్షరం పెట్టి సంతకం చేసింది. ప్రతి ఆదివారం పోయేదాన్ని, ఏడాది ఆడాం, గెలిచిన కోటలూ ఉన్న కోటా అన్నీ ఓడిపోయాం. నేను మా గది వాళ్లను కార్డుల మీద తిట్టి, సాయంత్రం వాళ్లతోనే కలిసి అన్నం తినేదాన్ని. తర్వాత ఆమెకు ఇంకెక్కడో ఉద్యోగం వచ్చింది, నాకు బదిలీ అయింది, కార్డులు ఆగిపోయాయి.

ఇప్పుడు నా కోపం బాగా తగ్గింది. బీపీ మాత్ర వల్లనని డాక్టరు అంటాడు. పారదర్శకత గురించి ఎవరైనా గొంతెత్తి మాట్లాడుతుంటే నవ్వుకుంటాను, ఆ గొంతు నాకు బాగా తెలుసు. పరకాలలో చెప్పాల్సిన ఆ ఒక్క మాట మాత్రం ఇన్నేళ్లూ నోట్లోనే ఉండిపోయింది. నువ్వెక్కడున్నా ఇది చదువుతావో లేదో తెలియదు. చెల్లే, కేసముద్రం నీదే.