అమ్మ చూడాలనుకున్న ఏనుగు

కెన్యాలో అడవి జంతువుల్ని చూడ్డానికి వెళ్ళినప్పుడు మా జీపు తోలినవాణ్ణి నేను మొదటి రోజే నమ్మలేదు. బరంపురం బడా బజార్‌లో చీరల కొట్టు నడిపేవాణ్ణి. రైలు దిగినవాళ్ళని రిక్షావాడు ఏ కొట్టుకి తీసుకొస్తాడో, ఎందుకు తీసుకొస్తాడో నాకు తెలియదా? ఈ డ్రైవరూ అదే బాపతు అనిపించింది. వైర్‌లెస్‌లో వాళ్ళ భాషలో ఏదో గొణుగుతాడు, బండి తిప్పుతాడు, పొద కింద సింహం సిద్ధం! ఫొటోకి కూర్చున్నట్టే కూర్చుంటుంది. కడుపు నిండా పెట్టి అక్కడ పడుకోబెట్టారేమో అన్నాను.

"నీకు దేవుడు అవుపించినా ఆధార్ కార్డు అడుగుతావురా" అంది అమ్మ.

అమ్మకి సింహాలు అక్కర్లేదు. ఆమెది చికిటి దగ్గర పల్లె. కొండ మీంచి ఏనుగులు చేలోకి దిగితే ఊరంతా పరుగే. ఆ గోలలో ఆమె చూసిందల్లా చీకట్లో కదిలే ఆకారాలు, తెల్లారాక తొక్కేసిన వరి. "పగటేల, దాని మానాన అది మేస్తంటే ఒక్కపాలి సూడాలరా" అని నా ప్రాణం తీసి, ఆ మోకాళ్ళ నొప్పులతోనే ఇంత దూరం వచ్చింది. తీరా వస్తే ఏనుగులే లేవు. డ్రైవరు రేపు, రేపు అంటుంటే, ఇంకో ట్రిప్పు అంటగట్టడానికే ఆలస్యం చేస్తున్నాడని నాకు ఒళ్ళు మండింది.

ఆఖరి ఉదయం ఉన్నట్టుండి ఇంజను ఆపేశాడు. ఇదేం నాటకం అని అడగబోతే, నోటి మీద వేలు పెట్టి పక్కకి చూపించాడు. తుప్పల పక్కన ఆడ ఏనుగు, దాన్ని ఆనుకుని గున్న. తల్లి గడ్డి పెరికి, కాలికి కొట్టి మట్టి దులిపి తింటోంది. పెంపుడుదేమో, కాలికి గొలుసు మచ్చ ఉందేమో అని నేను వంగి చూస్తున్నాను. అమ్మ కళ్ళ నిండా నీళ్ళు.

ఇంతలో గున్న మా బండి వైపు నడిచింది. తల్లి తల ఎత్తింది. నా పక్కన టంగుమని మోత! అమ్మ ఒళ్ళోని స్టీలు టిఫిను మూత తీసి డబ్బా మీద బాదుతోంది, "హో, హో" అని కేకలేస్తోంది. వాళ్ళ ఊళ్ళో చేను కాచేటప్పుడు ఇలాగే డబ్బాలు మోగించి ఏనుగుల్ని తరిమేవారు. డ్రైవరు ఆమె చెయ్యి పట్టుకునేలోపే ఏనుగు చెవులు విప్పి, గున్నని తోసుకుంటూ తుప్పల్లోకి పోయింది.

పెంపుడుది కాదని నాకు తేలిపోయింది. ఆ సంగతి ఎవరికి చెప్పను? అమ్మ ఇంకా తుప్పల వైపే చూస్తోంది.

"ఒద్దు, ఒద్దు అనుకుంతనే ఉన్నానురా. సెయ్యి నా మాట ఇన్నేదు" అంది. "నానే తోలేసినాను."